పంతులమ్మ కట్టిన పెద్దల సంఘం

రాజనీతిశాస్త్రంలో ఒత్తిడి బృందాల పాఠం వచ్చినప్పుడు పిల్లలు పట్టికను ఇట్టే కంఠస్థం చేసేస్తారు. వ్యాపార సంఘాలు, కార్మిక సంఘాలు, రైతు సంఘాలు, వృత్తి సంఘాలు, ప్రజాహిత సంఘాలు, ఒకే అంశం మీద పోరాడే సంఘాలు. అమెరికా ఉదాహరణలు కూడా గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతారు. అప్పుడు మేము ఒక చిన్న ప్రశ్న వేస్తాం. రిటైరైన పంతుళ్లంతా కలిసి పెట్టుకున్న సంఘం ఇందులో ఏ గడిలోకి వస్తుంది? తరగతి ఒక్కసారిగా మౌనమైపోతుంది. కొందరు వృత్తి సంఘం అంటారు. వృత్తి మానేశాక అదెలా అవుతుందని పక్కవాళ్లు అడ్డుపడతారు. ఇంకొందరు అది ఒత్తిడి బృందమే కాదు, ఒకటో తారీఖున కలుసుకునే పెద్దవాళ్ల గుంపు అని తేల్చేస్తారు.

ఈ ప్రశ్నకు జవాబు పట్టికలో దొరకదు. ఒక పంతులమ్మ జీవితంలో దొరుకుతుంది. ఆమె పేరు ఎథెల్ పెర్సీ ఆండ్రస్. అమెరికాలో నేటికీ అతిపెద్ద సంఘాల్లో ఒకటిగా ఉన్న ఏఏఆర్‌పీని స్థాపించింది ఆమే. ఆ పని మొదలుపెట్టింది ఉద్యోగం ముగిశాక, అరవై ఏళ్లు దాటాక. మన ఉపాధ్యాయులకూ తల్లిదండ్రులకూ ఈ కథ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాం. ఇందులో గెలుపులే కాదు, ఆలోచించాల్సిన తడబాట్లూ ఉన్నాయి.

షికాగో చదువు, లాస్ ఏంజెలిస్ బడి

ఆండ్రస్ 1884 సెప్టెంబర్ 21న శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టారు. తండ్రి న్యాయవాది చదువు కోసం కుటుంబంతో షికాగో వెళ్లడంతో ఆమె బాల్యం అక్కడే గడిచింది. 1903లో షికాగో విశ్వవిద్యాలయంలో పట్టా పుచ్చుకున్నారు. ఆడపిల్లలకు పైచదువులు ఇంకా అరుదుగా ఉన్న రోజులవి. చదువు కాగానే అదే నగరంలోని లూయిస్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు.

ఆ రోజుల్లో షికాగోకు యూరప్ నుంచి వలసలు వెల్లువలా వస్తుండేవి. కొత్తగా వచ్చినవాళ్లకు భాష రాదు, ఊరు తెలియదు, ఫ్యాక్టరీ కూలి తప్ప దిక్కు లేదు. వాళ్ల మధ్యనే ఉండి సేవ చేయడానికి జేన్ ఆడమ్స్ నడిపిన హల్ హౌస్ అనే కేంద్రం అప్పటికే పేరు తెచ్చుకుంది. ఆండ్రస్ అక్కడా, షికాగో కామన్స్ అనే మరో కేంద్రంలోనూ పనిచేశారు. బీదవాడికి దానం ఇచ్చి పంపేయడం కాదు, తన కాళ్ల మీద తాను నిలబడేలా చేయడమే సాయం అన్న పాఠం ఆమెకు అక్కడే ఒంటబట్టింది. ఆమె తర్వాత చేసిన పనులన్నిటిలో ఈ నమ్మకం కనిపిస్తుంది. ఆమె పొరపాట్లకూ కొంత కారణం ఇదే.

తండ్రి ఆరోగ్యం దెబ్బతినడంతో 1910లో కుటుంబం తిరిగి కాలిఫోర్నియా చేరింది. శాంటా పౌలాలోనూ, ఆ తర్వాత లాస్ ఏంజెలిస్‌లోని మాన్యువల్ ఆర్ట్స్ హైస్కూల్లోనూ ఆమె పాఠాలు చెప్పారు. 1916లో తూర్పు లాస్ ఏంజెలిస్ హైస్కూలుకు ప్రిన్సిపాల్ అయ్యారు. కాలిఫోర్నియాలో ఒక హైస్కూలుకు మహిళ ప్రిన్సిపాల్ కావడం అదే మొదటిసారి. ఆమె హయాంలోనే ఆ బడికి అబ్రహాం లింకన్ పేరు పెట్టారు.

బడి ఉన్నది వలస కుటుంబాల పేటలో. పిల్లల ఇళ్లలో మాట్లాడేది రకరకాల భాషలు. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష, బడిలో మరో భాష అన్న అవస్థ మనకు కొత్తగా వివరించనక్కర్లేదు. ఆ పేటలో బాలనేరాలూ ఎక్కువే. ఆండ్రస్ పిల్లల్ని ఆసుపత్రికి పంపి రోగులకు సాయం చేయించారు. ఊరి పనుల్లో భాగస్వాముల్ని చేశారు. తల్లిదండ్రుల కోసం సాయంత్రం బడి తెరిచారు. పిల్లవాడు చదువుకుని పెద్దవాళ్లకు దూరమైపోకుండా ఇద్దరూ కలిసి ఎదగాలన్నది ఆమె ఉద్దేశం. పేటలో బాలనేరాలు తగ్గినందుకు బాలల న్యాయస్థానం ఆ బడిని ప్రత్యేకంగా అభినందించింది.

బడి నడుపుతూనే దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 1928లో ఎంఏ, 1930లో పీహెచ్‌డీ పూర్తిచేశారు. 28 ఏళ్లు ప్రిన్సిపాల్‌గా ఉండి, తల్లి జబ్బుపడటంతో ఆమెను చూసుకోవడానికి 1944లో ఉద్యోగం వదిలేశారు.

అరవై డాలర్లు, ఒక కోళ్లగూడు

తల్లి కోలుకున్నారు. అప్పుడు ఆండ్రస్ తన పింఛను కాగితం వైపు చూసుకున్నారు. అన్నేళ్ల కొలువుకు రాష్ట్రం ఇచ్చేది నెలకు 60 డాలర్లు. కుటుంబానికి కొంత ఆధారం ఉంది గనుక ఆమెకు ఇల్లు గడవని బాధ లేదు. మరి ఆ ఆధారం లేనివాళ్ల సంగతేమిటి?

కాలిఫోర్నియా రిటైర్డ్ టీచర్ల సంఘంలో సంక్షేమ బాధ్యత తీసుకున్నాక ఆ ప్రశ్నకు జవాబు కళ్లారా చూశారు. ఒక ముసలి టీచరమ్మ ఇబ్బందుల్లో ఉందని తెలిసి వెతుక్కుంటూ వెళితే, ఆమె ఇంట్లో లేదు. ఇంటి వెనక పాత కోళ్లగూడులో కాపురం ఉంటోంది. ఒకప్పుడు స్పానిష్ పాఠాలు చెప్పిన మనిషి. చాలీచాలని పింఛనుతో కళ్లజోడు, పళ్ల వైద్యం కూడా అందని స్థితి. ఏఏఆర్‌పీ తన చరిత్రను ఇప్పటికీ ఈ సంఘటనతోనే మొదలుపెడుతుంది.

ఇక్కడ ఆగి అప్పటి అమెరికా వ్యవస్థ గురించి రెండు మాటలు చెప్పుకోవాలి. వృద్ధులకు సామాజిక భద్రత పింఛను ఇచ్చే చట్టం 1935లోనే వచ్చింది. కానీ రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు మొదట్లో దాని పరిధిలో లేరు. టీచర్లకు వాళ్ల రాష్ట్రం ఏమిస్తే అదే. ఒక్కో రాష్ట్రంలో ఒక్కో లెక్క. జబ్బు చేస్తే ఆదుకునే ప్రభుత్వ ఏర్పాటు ఎవరికీ లేదు. వయసు మళ్లినవాళ్లకు బీమా అమ్మడానికి కంపెనీలు ముందుకు రావు. కోళ్లగూడులోని టీచరమ్మ కష్టానికి కారణం ఆమె దురదృష్టం ఒక్కటే కాదు. ఆమె తరఫున గట్టిగా అడిగేవాళ్లు ఎవరూ లేకపోవడం కూడా.

అప్పటికే ఉన్న గొంతులు

అడిగేవాళ్లు లేని దేశమేమీ కాదది. సభ పెట్టుకునే హక్కు, ప్రభుత్వానికి అర్జీ పెట్టుకునే హక్కు 1791లోనే రాజ్యాంగ సవరణగా వచ్చాయి. ఆ హక్కుల నీడలో రకరకాల సంఘాలు పెరిగాయి. పిల్లలు బట్టీపట్టే పట్టిక పుట్టింది వాటి నుంచే.

డబ్బు, జీవనోపాధి చుట్టూ అల్లుకున్నవి మొదటి రకం. వ్యాపారుల తరఫున 1912లో పుట్టిన చాంబర్ ఆఫ్ కామర్స్, కార్మికుల తరఫున 1886లో శామ్యూల్ గాంపర్స్ నాయకత్వంలో ఏర్పడిన అమెరికన్ ఫెడరేషన్ ఆఫ్ లేబర్, రైతుల కోసం 1867లో మొదలైన గ్రేంజ్, 1919లో వచ్చిన ఫార్మ్ బ్యూరో ఈ కోవలోవి. వృత్తి సంఘాలు రెండో రకం. డాక్టర్ల మెడికల్ అసోసియేషన్ 1847 నాటిది. ఉపాధ్యాయుల ఎన్‌ఈఏ 1857 నాటిది. హక్కుల కోసం, సమానత్వం కోసం పుట్టినవి మూడో రకం. నల్లజాతివారి హక్కులకు 1909లో ఏర్పడిన ఎన్‌ఏఏసీపీ అలాంటిది. తమ సభ్యుల లాభం చూసుకోకుండా అందరికీ మేలు జరగాలని అడిగే ప్రజాహిత సంఘాలు ఇంకో రకం. 1920లో వచ్చిన లీగ్ ఆఫ్ విమెన్ ఓటర్స్ ఇందుకు ఉదాహరణ. ఒకే ఒక్క కోరిక పట్టుకుని దాని అంతు చూసేవి చివరి రకం. మద్యనిషేధం కోసం యాంటీ సెలూన్ లీగ్ ఏళ్ల తరబడి పోరాడి, 1919లో ఏకంగా రాజ్యాంగాన్నే సవరింపజేసింది. 1933లో ఆ సవరణ రద్దయింది.

వృద్ధుల కోసమూ ఒక ఉద్యమం వచ్చి వెళ్లింది. అది కూడా కాలిఫోర్నియాలోనే. లాంగ్ బీచ్‌కు చెందిన టౌన్‌సెండ్ అనే డాక్టరు 1930లలో ఒక పథకం ప్రకటించారు. అరవై దాటి పని మానుకున్న ప్రతి ఒక్కరికీ ప్రభుత్వం నెలకు 200 డాలర్లు ఇవ్వాలి, వాళ్లు ఆ సొమ్మంతా నెలలోపే ఖర్చుపెట్టాలి. లెక్క పొసగదని ఆర్థికవేత్తలు అన్నా, దేశమంతటా టౌన్‌సెండ్ క్లబ్బులు వెలిశాయి. 1935 చట్టం రావడానికి ఆ ఒత్తిడీ ఒక కారణం. కానీ చట్టం వచ్చి, పింఛన్లు పెరిగే కొద్దీ క్లబ్బులు వాడిపోయాయి. ఒక్క కోరిక మీద నిలిచిన సంఘానికి ఆ కోరిక సగం తీరినా చాలు, సభ్యులు ఇంటిదారి పడతారు.

ఆండ్రస్ 1947లో నేషనల్ రిటైర్డ్ టీచర్స్ అసోసియేషన్‌ను స్థాపించారు. అప్పటికి ఆమె వయసు 62. సంఘాల తరఫున చట్టసభ సభ్యుల్ని కలిసి నచ్చజెప్పేవాళ్లు పేర్లు నమోదు చేసుకోవాలనే చట్టం అంతకు ముందు ఏడాదే, 1946లో వచ్చింది. అంటే లాబీయింగ్ అనే పని అప్పటికే అంత పెరిగిపోయిందన్నమాట. ఆ సందడిలో రిటైరైన పంతుళ్ల మాట వినేదెవరు? వాళ్లకు సమ్మె చేసే శక్తి లేదు, ఎన్నికల్లో పోసే డబ్బు లేదు. రాష్ట్రానికొక చోట చెల్లాచెదురుగా ఉన్నారు.

పన్ను మీద తొలి పోరాటం

ఆమె మొదట పట్టుకున్నది ఒక స్పష్టమైన అన్యాయాన్ని. సామాజిక భద్రత పింఛను మీద ఆదాయపు పన్ను ఉండేది కాదు. టీచర్లకు వచ్చే పింఛను మీద మాత్రం పన్ను పడేది. ఇద్దరూ ముసలివాళ్లే, ఇద్దరిదీ పింఛనే. ఒకరికి మినహాయింపు ఉండి మరొకరికి లేకపోవడం ఏమిటన్నది ఆమె వాదన. టీచర్ల సంఘం ఈ విషయాన్ని వాషింగ్టన్‌లో వదలకుండా అడుగుతూ వచ్చింది. 1954లో పన్నుల చట్టాన్ని తిరగరాసినప్పుడు రిటైర్మెంట్ ఆదాయానికి పన్నులో రాయితీ వచ్చింది.

దయ చూపమని అడగలేదన్నది ఇక్కడ గమనించాలి. పక్కవాడికి ఇచ్చిందే మాకూ ఇవ్వమన్నారు. చిన్న సంఘాలకు ఇది పెద్ద ఆయుధం. కోరిక ఎంత స్పష్టంగా, ఎంత కొలవదగ్గదిగా ఉంటే, కాదనడం అధికారులకు అంత కష్టమవుతుంది.

అదే 1954లో ఓహాయ్ అనే ఊళ్లో గ్రే గేబుల్స్ పేరుతో రిటైరైన టీచర్లకు నివాసం తెరిచారు. ఆండ్రస్ కూడా అక్కడే ఉన్నారు.

చందా ఎందుకు కట్టాలి?

చట్టం మార్చగలిగినా, సంఘం నిలబడాలంటే సభ్యులు చందా కట్టాలి. చిక్కంతా అక్కడే. ఊరి చెరువు పూడిక తీస్తే నీళ్లు పలుగు పట్టినవాడి చేలోకే రావు, గట్టున కూర్చున్నవాడి చేలోకీ వస్తాయి. పన్ను రాయితీ కూడా అంతే. సంఘంలో చేరిన టీచరుకూ వస్తుంది, చేరనివాడికీ వస్తుంది. అలాంటప్పుడు చేరడం దేనికి? 1965లో మాన్సర్ ఓల్సన్ అనే ఆర్థికవేత్త ఈ విషయం మీదే ఒక పుస్తకం రాశారు. పెద్ద సంఘాలు నిలబడాలంటే సభ్యులకు మాత్రమే దొరికే ప్రయోజనం ఏదో ఒకటి ఉండాలని అందులో వాదించారు. ఆండ్రస్ అంతకు పదేళ్ల ముందే ఆ ప్రయోజనం వెతుకుతున్నారు. సిద్ధాంతం కోసం కాదు, జబ్బుపడ్డ టీచర్ల కోసం.

అదే ఆరోగ్య బీమా. ఆమె ఒకదాని తర్వాత ఒకటిగా పదుల కొద్దీ కంపెనీల తలుపు తట్టారు. అందరూ కాదన్నారు. వయసు మీద పడ్డవాళ్లకు బీమా ఇస్తే నష్టమే తప్ప లాభం ఉండదని వాళ్ల లెక్క. చివరికి న్యూయార్క్ రాష్ట్రంలో లెనార్డ్ డేవిస్ అనే బీమా ఏజెంటు అక్కడి రిటైర్డ్ టీచర్ల కోసం ఒక పథకం నడుపుతున్నట్టు తెలిసింది. ఒక్కో మనిషిని కాకుండా మొత్తం బృందాన్ని లెక్కలోకి తీసుకోవడమే దాని కిటుకు. వేలమంది ఒకేసారి చేరితే, జబ్బుపడేవాళ్ల ఖర్చు ఆరోగ్యంగా ఉన్నవాళ్ల చందాల్లో సర్దుకుంటుంది. 1956లో ఆ పథకం దేశమంతటా టీచర్ల సంఘ సభ్యులకు అందుబాటులోకి వచ్చింది. పథకం నడిచింది. ముసలివాళ్లకు బీమా ఇవ్వలేమన్న మాట తప్పని తేలింది.

ఇక టీచర్లు కానివాళ్లు ఉత్తరాలు రాయడం మొదలుపెట్టారు. మేమూ ముసలివాళ్లమే, మమ్మల్ని ఎందుకు చేర్చుకోరన్నది వాళ్ల ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. 1958లో ఆండ్రస్ అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ రిటైర్డ్ పర్సన్స్‌ను స్థాపించారు. ఏ వృత్తి చేసినా ఫర్వాలేదు, వయసు 55 దాటితే చాలు. డేవిస్ దానికి పెట్టుబడి సాయం చేశారు. అదే ఏడాది మోడరన్ మెచ్యూరిటీ అనే పత్రిక మొదలైంది, సంపాదకురాలు ఆండ్రసే. 1959లో టపాలో మందులు పంపే ఏర్పాటు వచ్చింది. సభ్యులు తక్కువ ధరకు మందులు తెప్పించుకోగలిగారు.

ఇప్పుడు తరగతిలో వేసిన ప్రశ్నకు తిరిగి వద్దాం. ఈ సంఘం ఏ గడిలోది? రిటైర్డ్ టీచర్లది గనుక పుట్టుకతో వృత్తి సంఘం. పింఛను, పన్ను, బీమా అడిగింది గనుక ఆర్థిక సంఘం. దేశంలోని వృద్ధులందరి తరఫున మాట్లాడింది గనుక ప్రజాహిత సంఘం అనిపించుకుంది. సభ్యులు చేరిందేమో చాలావరకు బీమా కోసం, మందుల కోసం. ఒకే సంఘం నాలుగు గడుల్లో కాలు పెట్టింది. పట్టిక తప్పని కాదు. పట్టిక రకాలను చూపిస్తుంది, సంఘం ఒక రకం నుంచి మరో రకంలోకి ఎలా నడిచిందో చూపించదు.

వైట్‌హౌస్ సదస్సు, మెడికేర్ పోరు

1961లో వృద్ధాప్యంపై వైట్‌హౌస్ సదస్సు జరిగింది. ఆ సందర్భంగా ఆండ్రస్ సంఘం వృద్ధులకు అనువైన నమూనా ఇల్లు ఒకటి కట్టి చూపించింది. జారని నేల, మెట్లకు బదులు వాలు దారి, చేతికందే ఎత్తులో అరలు. ముసలితనం జబ్బు కాదని, కట్టడాలూ చట్టాలూ వృద్ధులకు తగ్గట్టు మారాలని చెప్పడానికి ఉపన్యాసం కంటే ఆ ఇల్లే ఎక్కువ పనికొచ్చింది. ఫలానా వయసు రాగానే ఉద్యోగం మానాల్సిందే అనే నిబంధననూ ఆమె గట్టిగా వ్యతిరేకించారు. 1963లో వాషింగ్టన్‌లో పెద్దవాళ్లు తిరిగి చదువుకోవడానికి ఒక విద్యాసంస్థ తెరిపించారు. లింకన్ హైస్కూలు సాయంత్రం బడి గుర్తులు అందులో కనిపిస్తాయి.

అయితే ఆ దశాబ్దంలో వృద్ధుల విషయంలో జరిగిన అతిపెద్ద పోరాటానికి ఆమె సంఘం ముందు నిలవలేదు. అది మెడికేర్. 65 ఏళ్లు దాటినవారికి ప్రభుత్వమే ఆసుపత్రి ఖర్చు భరించే పథకం. దీన్ని డాక్టర్ల మెడికల్ అసోసియేషన్ తన బలమంతా పెట్టి అడ్డుకుంది. ప్రభుత్వం వైద్యంలో వేలు పెడుతుందని ప్రచారం చేసింది. ఎదురు నిలిచింది కార్మిక సంఘాలూ, వాటి అండతో 1961లో ఏర్పడిన నేషనల్ కౌన్సిల్ ఆఫ్ సీనియర్ సిటిజన్స్. 1965 జూలై 30న అధ్యక్షుడు జాన్సన్ ఆ చట్టం మీద సంతకం చేశారు.

కోళ్లగూడు చూసి చలించిన మనిషి సంఘం ఈ పోరులో ఎందుకు వెనకబడింది? ఒక కారణం ఆమె నమ్మకమే. ఎవరి కాళ్ల మీద వారు నిలబడాలి, ప్రభుత్వం మీద ఆధారపడటం తగ్గాలి అన్నది హల్ హౌస్ రోజుల నుంచీ ఆమె దారి. రెండో కారణం ఇంకొంచెం ఇబ్బందికరం. సంఘం బలమంతా బీమా పథకం మీద నిలబడి ఉంది. ప్రభుత్వమే ఆ పని చేస్తానంటే, అంత ఉత్సాహంగా జెండా పట్టుకోవడం అలాంటి సంఘానికి సులువు కాదు. ఆమె మనసులో ఏముందో మేము చెప్పలేం. కానీ సంఘం ఎవరి డబ్బు మీద నడుస్తుందో, దాని మాట కూడా కొంతవరకు అటువైపే మొగ్గుతుందన్నది ఏ దేశంలోనైనా నిజమే.

ఆమె తర్వాత

ఆండ్రస్ 1967 జూలై 13న, 82వ ఏట కన్నుమూశారు. చివరిదాకా పత్రిక, సంఘం పనులు చూస్తూనే ఉన్నారు. అదే ఏడాది డిసెంబర్‌లో, ఉద్యోగాల్లో వయసు చూసి వివక్ష చూపకూడదనే చట్టం వచ్చింది. అది మొదట 40 నుంచి 65 ఏళ్ల మధ్యవారికే వర్తించింది. 1986లో చేసిన సవరణతో, చాలా ఉద్యోగాల్లో ఇంత వయసుకు దిగిపోవాలనే నిబంధనే పోయింది. ఆమె ఎన్నాళ్లుగానో అడిగింది ఇదే. ఆమె చదివిన దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో వృద్ధాప్యం మీద పరిశోధన చేసే కేంద్రానికి ఆమె పేరు పెట్టారు. 1993లో జాతీయ మహిళా కీర్తి మందిరంలో ఆమెకు చోటు దక్కింది.

బీమా ముడి మాత్రం ఆమె తర్వాత బిగుసుకుంది. డేవిస్ 1963లో సొంత బీమా సంస్థ పెట్టుకున్నారు. సంఘ సభ్యులే దానికి పెద్ద బజారు. 1970ల చివర్లో, సంఘం సభ్యుల కోసం ఉందా, కంపెనీ లాభం కోసం ఉందా అని టీవీల్లోనూ పత్రికల్లోనూ విమర్శలు చెలరేగాయి. చివరికి సంఘం ఆ కంపెనీతో తెగతెంపులు చేసుకుని బీమాను వేరేవారికి అప్పగించింది. నేటికీ దాని ఆదాయంలో సభ్యత్వ రుసుముల కంటే, తన పేరు వాడుకున్నందుకు కంపెనీలు చెల్లించే సొమ్మే ఎక్కువ.

1982లో టీచర్ల సంఘం ఏఏఆర్‌పీలో కలిసిపోయింది. తర్వాత సభ్యత్వ వయసు 50కి తగ్గింది. ఇప్పుడు సభ్యులు దాదాపు 3.8 కోట్లు. వాషింగ్టన్‌లో దీని మాట కాదనాలంటే రెండు పార్టీలూ ఆలోచిస్తాయి. అంత పెద్ద సంఘమూ ఒకసారి చేతులు కాల్చుకుంది. 1988లో మెడికేర్‌ను విస్తరించే చట్టానికి మద్దతిస్తే, దాని ఖర్చు తమ నెత్తినే పడుతుందని వృద్ధులే తిరగబడ్డారు. మరుసటి ఏడాదే చట్టసభ దాన్ని రద్దు చేసింది. కోట్లమంది సభ్యులున్నంత మాత్రాన వాళ్లందరి మనసు నాయకులకు తెలిసినట్టు కాదు.

తరగతిలో ఒక పని

ఈ పాఠం చెప్పే ఉపాధ్యాయులకు మా అనుభవంలో పనికొచ్చిన పద్ధతి ఒకటి చెబుతాం. అమెరికా పట్టిక ముగిశాక, పిల్లల చేత వాళ్ల ఊళ్లోని సంఘాల జాబితా రాయించండి. ఆటో డ్రైవర్ల యూనియన్, కూరగాయల వర్తకుల సంఘం, రైతు సంఘం, పింఛనుదారుల సంఘం, కాలనీ సంఘం, మన బడి తల్లిదండ్రుల కమిటీ. ప్రతి పేరు ఎదురుగా నాలుగు ప్రశ్నలు వేయించండి. ఈ సంఘం ప్రభుత్వాన్ని ఏమడుగుతోంది? అడిగింది దొరికితే సభ్యులకే దక్కుతుందా, అందరికీనా? అయినా చందా కట్టి చేరేవాళ్లు దేనికోసం చేరుతున్నారు? సంఘం ఖర్చు ఎవరు పెడుతున్నారు?

మొదటి మూడు ప్రశ్నలకు పిల్లలు చకచకా జవాబులు రాసేస్తారు. నాలుగోదాని దగ్గర ఆగిపోతారు, ఇంటికెళ్లి పెద్దవాళ్లను అడుగుతారు. పెద్దవాళ్లు ఒక్కోసారి తడుముకుంటారు. పాఠం పుస్తకం దాటి ఇంట్లోకి వెళ్లేది అప్పుడే. తల్లిదండ్రులకు మా విన్నపం కూడా అదే. పిల్లలు వచ్చి అడిగితే విసుక్కోకండి. కమిటీ లెక్కల పుస్తకం ఉంటే తెరిచి చూపించండి.

ఆండ్రస్ జీవితం నుంచి మాకు అర్థమైంది ఇంతే. చెదిరి ఉన్న కొద్దిమంది మాట చెల్లాలంటే ముందు పేర్లు ఒక్కచోట చేరాలి, అడిగేది స్పష్టంగా ఉండాలి, చేరినవాళ్లకు ఏదో ఒక మేలు చేతికందాలి. ఈ మూడూ ఆమె చక్కగా చేశారు. నాలుగోది, డబ్బు ఎటునుంచి వస్తోందో చూసుకుంటూ ఉండటం, ఆమె తర్వాతివాళ్లకు మిగిలిపోయిన పని. మన సంఘాల్లో ఆ పని వాయిదా వేయకుండా చూసుకుంటే మంచిది.